క్లిక్కు తర్వాతి చూపు

కళ్ళద్దాలాయనకి పగలంతా ఒకటే పని. చీకటి గదిలో మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళముందు అద్దాలు మార్చి మార్చి పెట్టి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడగడం. ఎదుటివాళ్ళు తేల్చుకోలేకపోతే లోలోపల విసుక్కుంటాడు కూడా. అలాంటి పెద్దమనిషి తన సొంత కెమెరాల దగ్గరికొచ్చేసరికి వారం నుంచీ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు.

కెమెరాలు రెండు. ఒకటి డిజిటల్‌ది. ఎన్నిసార్లు నొక్కినా అలిసిపోదు, నొక్కిన మరుక్షణమే వెనక తెరమీద బొమ్మ చూపిస్తుంది, నచ్చకపోతే చెరిపేయొచ్చు. రెండోది మామగారు వాడిన ఫిల్మ్ కెమెరా. రీలు వేసి, మీట తిప్పి, ఒక్కొక్కటీ ఆచితూచి తీయాలి. కడిగించి తెచ్చుకునేదాకా అందులో ఏం పడిందో దేవుడికి కూడా తెలియదు. పొద్దున్నే పాలకి వెళ్తూ ఒకటి మెడలో వేసుకుంటాడు, వీధి మలుపుదాకా వెళ్ళి మనసు మార్చుకుని రెండోదాని కోసం వెనక్కొస్తాడు. ఈలోగా పాలు అయిపోతాయి. రెండూ మెడలో వేసుకోండి, ఎద్దుకి గంటలు కట్టినట్టు ముచ్చటగా ఉంటుందని భార్య దెప్పింది. ఆయన నవ్వలేదు.

నవ్వే పరిస్థితి కాదది. కూతురు పుట్టినప్పటి నుంచీ ఆదివారం పొద్దున్న వంటింటి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి ఫోటోలు తీయడం ఆయనకి అలవాటు. పిల్ల ఇప్పుడు ఎత్తులో తల్లిని దాటేసింది. పోయిన ఆదివారం స్టూలు దిగుతూ, వచ్చే వారం ఒకే ఒక్కటి తీసుకో, ఆ తర్వాత ఇంక నన్ను తీయొద్దు అని చెప్పేసింది. ఎందుకని అడిగితే ఊరికే అంది. ఆ ఊరికే అన్న మాట ఆయన గొంతులో ముల్లులా దిగబడింది. వారం మొత్తంలో పిల్ల తన ఎదురుగా కుదురుగా కూర్చునేది ఆ కాసేపే. అదీ పోతే ఇంక ఒకే ఇంట్లో రెండు గదుల మనుషులుగా మిగిలిపోతామేమోనని ఆయన భయం.

మరి ఆ చివరిది దేనితో తీయాలి? డిజిటల్ అయితే బొమ్మ చెడిపోయే ప్రమాదం లేదు. కానీ దాంతో తీసిన వేలల్లో ఇదీ ఒకటై కలిసిపోతుంది. ఫిల్మ్ అయితే చేతిలో పట్టుకునే వస్తువులా మిగులుతుంది. కానీ సరిగ్గా ఆ క్షణంలో పిల్ల కన్ను మూస్తేనో? ఏదీ తేలక, చివరికి సిగ్గు విడిచి రెండూ పట్టుకుని కూతురి గదికే వెళ్ళాడు.

పిల్ల లెక్కలు చేసుకుంటోంది. తల ఎత్తకుండానే ఫిల్మ్‌దానితో తియ్యమంది. దానికి వెనక తెర లేదుగా, అంది. తెర లేకపోవడం దాని లోపమని ఆయన దుకాణంలో వివరించినట్టు వివరించబోయాడు. పిల్ల పెన్ను కింద పెట్టింది.

"క్లిక్‌మనగానే నువ్వు కిందికి చూస్తావు నాన్నా. చూసి పెదవి విరుస్తావు. చిన్నప్పట్నుంచీ అంతే. బాగోలేదేమోనని నేను నవ్వు మార్చుకునేదాన్ని. నువ్వు మళ్ళీ విరిచేవాడివి. ఇంక మార్చుకోవడానికి నా దగ్గర మొహాలు లేవు."

అది నీ మొహం గురించి కాదు, వెలుతురు సరిపోయిందా, బొమ్మ మసకబారిందా అని చూసుకుంటానంతే అని ఆయన గబగబా చెప్పుకున్నాడు. పిల్ల సరేనని మళ్ళీ పెన్ను తీసుకుంది. ఆ సరేలో నమ్మకం గోరంత కూడా లేదు.

గోరంతని కొండంత చేస్తోందని రుజువు చేద్దామని, మర్నాడు దుకాణంలో కంప్యూటరు తెరిచి పాత ఫోటోలు బయటికి తీశాడు. ఏ ఆదివారం చూసినా ఒకే వరస. మొదటి దాంట్లో పిల్ల పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. రెండోదాంట్లో నవ్వు కాస్త బిగిసింది, చూపు కెమెరా మీద లేదు, దానికి కాస్త పైన, ఆయన మొహం ఉండే చోట ఉంది. మూడోదాంట్లో పెదవులు మూసుకుంది. ఆ తర్వాతవాటిలో తల దించుకుంది. ముందు పళ్ళు ఊడిన వయసులో కూడా అదే వరస. అచ్చు వేయించి గోడకి పెట్టినవన్నీ చివరివే, ఎందుకంటే గీత గీసినట్టు స్పష్టంగా వచ్చినవి అవే. లోపల కుర్చీలో కూర్చున్న మనిషి, ఏమండీ, ఉన్నారా అని పిలుస్తున్నా కాసేపటిదాకా లేవలేకపోయాడు.

శనివారమంతా ఫిల్మ్ కెమెరా తుడిచాడు, రీలు వేశాడు, తుడిచిందే మళ్ళీ తుడిచాడు. పిల్లకి ఏదో చెప్పాలని గుమ్మందాకా వెళ్ళడం, వెనక్కి రావడం. భార్య ఈసారి ఏమీ దెప్పలేదు.

ఆదివారం పిల్ల వచ్చి స్టూలు మీద కూర్చుంది, సూది మందు వేయించుకోవడానికి వచ్చినట్టు. ఒక్కటే, గుర్తుందిగా, అంది. ఆయన తలూపి, కిటికీ వెలుగులో ఆ మొహాన్ని సరిచూసుకుని, ఊపిరి బిగబట్టి నొక్కాడు.

నొక్కి, కెమెరా కిందికి దించి, దాని వీపు తనవైపు తిప్పుకుని, తల వంచి చూసి, పెదవి విరిచాడు.

అక్కడున్నది నల్లటి మూత. ఆ సంగతి ఆయనకి తెలిసేసరికే పెదవి విరవడం అయిపోయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. నడుమన వచ్చిన బుద్ధి మాత్రం తక్కువదా? తల ఎత్తడానికి ధైర్యం చాలలేదు. ఎత్తాడు. పిల్ల ఆయన్నే చూస్తోంది.

స్టూలు దిగి వచ్చి, కెమెరా ఆయన చేతిలోంచి తీసుకుని, ఆ మూతని వేలితో తడిమింది.

"ఇక్కడేముంది నాన్నా?"

"ఏం లేదమ్మా."

"మరి దేన్ని చూసి మొహం అలా పెట్టావు?"

వెలుతురు మీదికి నెట్టడానికి లేదు, మసక మీదికి నెట్టడానికి లేదు.

"దేన్నీ కాదు. ఇన్నాళ్ళూ కూడా దేన్నీ కాదు. చూడగానే తప్పు వెతకడం నాకు అలవాటైపోయింది. నీ మొహంలో అది ఎప్పుడూ దొరకలేదు."

పిల్ల కెమెరా ఆయన చేతిలో పెట్టేసి, వెళ్ళి మళ్ళీ స్టూలెక్కింది.

"ఇంకోటి తియ్యి," అంది.

మీట తిప్పాడు, నొక్కాడు. మెడ దానంతటదే కిందికి వంగబోతుంటే బలవంతాన నిలబెట్టి పిల్లవైపే చూశాడు. పిల్ల నవ్వడం లేదు. చిన్నప్పటిలాగే ఆయన మొహంలోకి చూస్తూ ఎదురుచూస్తోంది.

"బాగున్నావమ్మా," అన్నాడు.