నేలపిచ్చుకల బయలు

నూకరాజుకి సన్నటి శబ్దాలు వినబడడం మానేసి చాలా ఏళ్లయింది. ఉద్యోగమంతా బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో, ఇంజన్ల మధ్య గడిచింది. మనుషుల మాట వినబడుతుంది, గూడ్సు బండి వినబడుతుంది. కుక్కర్ విజిల్, గడియారం టిక్కుటిక్కు, పిట్టల కూతలు ఒక్కొక్కటే జారిపోయాయి. వాటిలో మిగతావి పోయినందుకు అతను పెద్దగా బాధపడలేదు. నేలపిచ్చుక పాట కోసమే మనసు పీకేది.

రైల్వే కాలనీ వెనక, బండ్లు పక్కకి నిలిపే పాత సైడింగు లైనుకి అవతల మోకాలెత్తు గడ్డితో పెద్ద బయలు ఉంది. డ్యూటీ దిగిన సాయంత్రాలు నూకరాజు, భార్య రజిని అక్కడికెళ్లి కూర్చునేవారు. తొలకరి ముందు ఆ గోధుమరంగు పిట్ట గడ్డిలోంచి పైకి లేచి, రెక్కలు చాపి, కాళ్లు వేలాడేసి, పాడుతూ మెల్లగా దిగేది. చెవులు మందగించాక ఆ పాటని రజినే అతనికి చెప్పేది.

"ఇప్పుడెలగున్నాది?" అని అడిగేవాడు.

"తడి చేతికి కొత్త గాజులు ఎక్కిస్తే కీచుమంటాయి సూడు బావా, అలగ. ఆగు, ఆగు... ఇంకా ఆపలేదు."

రజిని పోయి మూడేళ్లయింది. నూకరాజు ఇప్పటికీ సాయంత్రాలు అక్కడికి వెళ్తూనే ఉన్నాడు. పిట్ట లేస్తుంది, దిగుతుంది. గొంతు దగ్గర ఈకలు కదలడం కనబడుతుంది. అంతే. కూతురు ప్రత్యూష కొనిచ్చిన చెవి మిషను పెట్టుకుంటే మోటారు సైకిళ్లే ఇంకా పెద్దగా మోగాయి.

ప్రత్యూష బోద్రీలోని హైకోర్టులో క్లర్కు. ఆ ఏడు జూన్‌లో ఒక సాయంత్రం ఉత్సాహంగా ఇంటికొచ్చింది.

"నాన్నా, వెనక గ్రౌండ్ ఉంది కదా, అక్కడ మేం చెట్లు నాటుతున్నాం. సన్యాసిరావు అంకుల్ నర్సరీ నుంచి మొక్కలు తెప్పిస్తున్నారు. ఆదివారం ట్రాక్టర్ వచ్చి ఆ గడ్డంతా సాఫ్ చేసేస్తుంది."

నూకరాజు చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాడు. "గడ్డి ఎందుకు తీసీడం?"

"ఖాళీగా పడుంది కదా. చెట్లొస్తే పక్షులొస్తాయి, నాన్నా. పక్షుల కోసమే ఇదంతా."

"ఖాళీ అని ఎవులు సెప్పినారే నీకు? నాతో రా."

మబ్బు పట్టిన వెలుతురులో ఇద్దరూ సైడింగు దాటి వెళ్లారు. నూకరాజు ఆమెను ఒకచోట ఆపి వేలు చూపించాడు. ముక్కున పురుగు పట్టుకున్న పిట్ట ఒకటి రాయి మీద వాలి, అటూ ఇటూ చూసి, గడ్డిలోకి దూరింది. ఎగిరిపోయాక దగ్గరికెళ్లి చూస్తే, దుబ్బు మొదట్లో గడ్డితోనే అల్లిన చిన్న గూడు. లోపల మూడు నోళ్లు ఎర్రగా తెరుచుకున్నాయి.

ప్రత్యూష వెంటనే వెనక్కి జరిగింది. "నేల మీదా! ఎవరైనా తొక్కేస్తే?"

"అందుకే గడ్డి. సెట్టు నాటితే ఈ పిట్ట ఎక్కదు. సెట్టు మీద కాకి కూకుంటాది. ఈ పిల్లల్ని తినీసి ఎల్లిపోద్ది."

దూరంగా మరో పిట్ట లేచింది. ప్రత్యూష తల పైకెత్తి అలాగే నిలబడిపోయింది. నూకరాజు పిట్టను చూడలేదు, కూతురి మొహమే చూస్తున్నాడు.

"పాడుతున్నాదా?"

"హా నాన్నా. సచ్‌మే, నిజంగానే పాడుతోంది."

"ఎలగున్నాది?"

ఆమె నోరు తెరిచి ఆగింది. "సన్నగా... మత్లబ్... అంటే... ఎలా చెప్పాలో తెలీట్లేదు నాన్నా. తెలుగులో రావట్లేదు, హిందీలోనూ రావట్లేదు." ఆమె కళ్లు తడిశాయి. "అమ్మకి తెలుసు కదా?"

"మీయమ్మకి తెల్సు," అన్నాడు నూకరాజు.

మర్నాడు ఉదయం సన్యాసిరావు ఇంటి వరండాలో కాలనీవాళ్లు కూడారు. కాలనీ తెలుగు సంఘం పెద్ద ఆయనే. విషయం విని కోప్పడ్డాడు.

"మొక్కలొచ్చీసాయి. ట్రాక్టరు మాటాడీసాం. ఇప్పుడు గడ్డి కోసం ఆపీమంటే ఏటమ్మా ఇది?"

"మొక్కలు వద్దనట్లేదు అంకుల్. కాలనీ రోడ్డు పొడుగునా నీడే లేదు, అక్కడ వేద్దాం. గుంతలు మేమే తవ్వుతాం. బయలు జోలికి మాత్రం పోవద్దు."

"అది రైల్వే భూమి. రేపు ఇంకో లైను పడితే ఏటి చేస్తావు?"

నూకరాజు లేచాడు. "లైను పడిన్నాడు పడతాది, సన్యాసిరావూ. ఆ పిట్ట పిల్లలికి ఈ నెల ఇయ్యి, సాలు."

అతను ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదు. సన్యాసిరావు చెప్పులకేసి చూసి, "సరే, రోడ్డు పక్కనే వేయండి," అన్నాడు.

ఆదివారం ట్రాక్టరు రాలేదు. రోడ్డు పొడుగునా కానుగ మొక్కలు లేచాయి. నూకరాజు రోజూ పొద్దున్నే బయలు అంచున నిలబడి, చెత్త పారబోయడానికి వచ్చినవాళ్లని బతిమాలి వెనక్కి పంపాడు. పిల్లల్లో ఒకటి వానకి చచ్చిపోయింది. మిగతా రెండూ రెక్కలు రాకుండానే గూడు దిగి, గడ్డి వేళ్ల మధ్య ఎలుక పిల్లల్లా పరుగులు తీశాయి. అవి ఎగిరిన రోజు చూడాలని ఎంత కాచుకున్నా, అతను చూడలేకపోయాడు. ఒక పొద్దున వెళ్తే లేవు.

ఆగస్టులో ఒక సాయంత్రం ప్రత్యూష కోర్టు నుంచి నేరుగా బయలుకే వచ్చింది. పిట్ట పాటని ఫోనులో రికార్డు చేసి, దాని స్వరాన్ని బాగా కిందికి దించిందట. "ఇలా అయితే నీకు అందుతుందేమో," అని హెడ్‌ఫోను తండ్రి చెవులకి పెట్టింది.

నూకరాజు కదల్లేదు. బరువుగా, ఆగి ఆగి, గోడ అవతల ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు ఏదో వినబడింది. ఏళ్ల తర్వాత చెవిలో పడిన పిట్ట గొంతు.

"వినబడిందా నాన్నా?"

"ఆఁ."

"అదేనా?"

అతనికి అబద్ధం చెప్పాలనిపించింది కానీ చెప్పలేకపోయాడు.

"కాదమ్మా. ఇలగుండీది కాదు." మళ్లీ అన్నాడు, "తీయకు. ఇంకోపాలి పెట్టు."

ఆమె మళ్లీ పెట్టింది. సైడింగు అవతల కట్నీ వైపు వెళ్లే బొగ్గు బండి ఒకటి పెట్టె వెనక పెట్టెగా సాగిపోతోంది. నూకరాజు కళ్లు మూసుకుని, ఆ బరువైన స్వరం లోపల ఎక్కడో ఉండాల్సిన సన్నటి పాట కోసం వెతుక్కుంటూ నిలబడ్డాడు.