ముందు గీత

నోటరీ ఆఫీసులో ఆ యంత్రానికి అందరూ కొంగ అని పేరు పెట్టుకున్నారు. బల్లకు బిగించిన సన్నటి ఇనప చెయ్యి, దాని చివర మామూలు ఇంకు పెన్ను. ఎక్కడో దూరాన ఉన్న మనిషి పలక మీద రాస్తే, ఇది ఇక్కడ కాగితం మీద అచ్చం అలాగే రాస్తుంది. ఒత్తి రాస్తే ఒత్తుతుంది, ఆగితే ఆగుతుంది. తెలివైనదే, కానీ దాన్ని చూస్తే నాకు మొదట్నుంచీ ఒళ్ళుమంట. నా షాపు దాని ముక్కు మీద ఆధారపడి ఉంది మరి.

మాది తాళంచెవులు చేసే షాపు. నాన్న పోయాక అద్దె ఒప్పందం అన్నయ్య పేరు, నా పేరు కలిపి రాయించాం. అన్నయ్య దూరంగా రేవులో క్రేన్ నడుపుతాడు, షాపు నేను నడుపుతాను. ఒప్పందం గడువు ఆ రోజుతో సరి. ఇద్దరి సంతకాలూ పడితే ఇంకో ఐదేళ్ళు, లేకపోతే ఖాళీ చెయ్యడమే. మందుల షాపువాళ్ళు ఆ గది కోసం ఓనరు చుట్టూ తిరుగుతున్నారని వీధంతటికీ తెలుసు. ఆయన నా పక్క కుర్చీలో కూర్చుని ఊరికే వాచీ చూసుకుంటున్నాడు.

నేను సంతకం చేశాను. తెర మీద అన్నయ్య మొహం కనిపించింది, మెడ దాకానే.

"ఏమే పిడుగూ, చిక్కిపోయావేంటి?"

"నా సంగతి తర్వాత. ముందు సంతకం పెట్టు," అన్నాను.

అన్నయ్య తల వంచాడు. కొంగ కదిలింది. పేరు రాసింది, చక్కగా, పాత ఒప్పందంలో ఉన్నట్టే. తర్వాత కిందకు దిగి పేరు కింద ఓ గీత గీసింది.

నోటరీ గారు పాత సంతకం, కొత్త సంతకం పక్కపక్కన పెట్టి చూసి "భేష్" అన్నారు. ఓనరు లేవబోయాడు. నేను మాత్రం ఆ గీత దగ్గరే ఆగిపోయాను.

అన్నయ్య ముందు గీత గీస్తాడు. చిన్నప్పుడు తన అక్షరాలు పైకి పాకుతుంటే నాన్న, "ముందు నేల వెయ్యరా, తర్వాత గోడలు లేపుదువుగాని," అనేవాడు. అప్పట్నుంచి ఏం రాసినా ముందు గీత, దాని మీద పేరు. కాగితం మీద చూస్తే ఏది ముందో ఎవరికీ తెలియదు. రాస్తుంటే చూశాను కాబట్టి నాకు తెలిసింది.

నోరు మూసుకుంటే షాపు నాది. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను.

"అన్నయ్యా, కుడిచెయ్యి పైకెత్తు."

"ఎందుకే?"

"ఎత్తమంటున్నానా!"

నవ్వుతూ ఎడమచెయ్యి ఎత్తి బుర్ర గోక్కున్నాడు. మళ్ళీ అడిగాను. ఈసారి నవ్వలేదు. పక్కనుంచి వదిన తెరలోకి వచ్చింది, చేతిలో పెన్నుతో.

"ఇంక దాచి లాభం లేదండీ," అంది అన్నయ్యతో. తర్వాత నాతో, "పోయిన వేసవిలో పక్షవాతం వచ్చిందమ్మా. కాలు సర్దుకుంది, చెయ్యి లేవడం లేదు. ఉద్యోగం కూడా పోయింది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. తెలిస్తే షాపు మూసేసి పరిగెత్తుకొస్తావట. అందుకే ఆయన సంతకం నేను నేర్చుకున్నా."

నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఇన్నాళ్ళూ ఫోన్లో జోకులేస్తూ కూర్చున్నావా?" అని అరిచాను.

నోటరీ గారు ఆ కాగితాన్ని అడ్డంగా కొట్టేసి ఇంకోటి పెట్టారు. "ఆయన్నే పెట్టమనండి," అన్నారు. అన్నయ్య ఎడమచేత్తో పెన్ను పట్టుకున్నాడు. కొంగ చాలాసేపు కాగితం పైన ఊగుతూ ఉండిపోయింది. తర్వాత దిగి, ముందు గీత గీసింది, వంకరగా. దాని మీద అక్షరాలు ఒక్కొక్కటే పడుతూ లేస్తూ నిలబడ్డాయి.

"మా అన్నయ్య సంతకం ఇదే," అన్నాను.

"నాకూ తెలుసమ్మా. కానీ పాతదానితో కలవదు. డాక్టరు సర్టిఫికెట్ కావాలి. వారమైనా పడుతుంది."

ఓనరు వైపు చూశాను. "నేనేం చెయ్యనమ్మా, ఇవాళ కాకపోతే వాళ్ళకే ఇస్తానని మాటిచ్చేశాను," అంటూ లేచాడు.

ఆ కాగితం అడిగి తీసుకున్నాను. మర్నాడు షాపు ఖాళీ చేసి, తాళంచెవులు కోసే మిషన్ని గోనెసంచిలో చుట్టుకుని రైలెక్కాను.

వదిన తలుపు తీసింది. అన్నయ్య లోపల కుర్చీలో ఉన్నాడు, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

"షాపేదే?" అన్నాడు.

"ఇదిగో," అని గోనెసంచి తన కాళ్ళ దగ్గర దించాను.

"చెప్పానా, ఇది వచ్చేస్తుందని," అన్నాడు వదినతో. అంటూనే ఏడ్చేశాడు.

తిట్టాల్సినవన్నీ రైల్లోనే వరసగా పేర్చుకొచ్చాను. అవన్నీ వదిలేసి, తన పక్కన కింద కూర్చుని సంచి ముడి విప్పాను.