రెండు బొటనవేళ్ళ తొడుగు

"మా ఆవిడ వాళ్ళ తాతగారు ఓడ కెప్టెనండీ. తెల్లాయన," అని ముందుగదిలో జెర్రీ చెబుతుండగా ఫెబి చేపల పులుసు గిన్నె పొయ్యి మీంచి దించింది. దించిన గిన్నెని కింద పెట్టడం మరిచిపోయి కాసేపు అలాగే నిలబడింది. ఒక చేతికి తొడుగు, ఇంకో చేతిలో మసిగుడ్డ ఉన్నాయి కాబట్టి చేతులు కాలలేదు. చెవులు మాత్రం కాలాయి.

ఆమెకి పెళ్ళయి మూడు నెలలు. గల్ఫులో, ఉమ్ ఘువైలినా అనే పేటలో ఈ రెండు గదుల ఫ్లాటుకి వచ్చి రెండు నెలలు. ఈ రెండు నెలలూ ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు. పొద్దున్నే కింద బేకరీ నుంచి తెచ్చిన కుబ్బూస్ రొట్టె దిండులా పొంగి ఉంటే దాన్ని వేలితో పొడిచి, ఆవిరి పోతుంటే నవ్వుకునేది. కిటికీ ఏసీ ముందు తడిజుట్టు విరబోసుకుని, బి.ఏ. చదివిన పిల్లనన్న సంగతి మరిచి కూనిరాగాలు తీసేది. జెర్రీ చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఎవరూ చూడకుండా కాలరు వాసన చూసుకునేది. ఆ చొక్కాలు ఉతకడం, ఆరేయడం, మడతపెట్టడం అన్నీ తనవేనని, ఆయన వాటిని తొడుక్కోవడం తప్ప ఇంకేమీ చేయడని ఆమెకి తట్టనే లేదు. తట్టినా అదీ ఒక ముచ్చటలాగే అనిపించేది.

కిందటి వారం కాకినాడ నుంచి అమ్మ ఉత్తరం వచ్చింది. "తాత పోయి వచ్చే నెలకి ఏడాది. జ్ఞాపకార్థ కూడికలో ఆయన జీవితం గురించి ఒక పేజీ చదువుతామని పాస్టరుగారు అన్నారు. మనింట్లో చదువుకున్నదానివి నువ్వే. రాసి పంపు."

ఫెబి కూర్చున్న పళంగా రాసేసింది. తాత పేరు ఐనార్. ఆయన తండ్రి ఐస్‌లాండ్ నుంచి వచ్చిన ఓడ వడ్రంగి. కాకినాడ రేవులో జ్వరం తగిలితే ఓడవాళ్ళు ఆయన్ని దించేసి వెళ్ళిపోయారు. జగన్నాథపురంలో గంజి పోసి బతికించిన అమ్మాయినే పెళ్ళాడి అక్కడే ఉండిపోయాడు. తాత ఐస్‌లాండ్ ఎన్నడూ చూడలేదు. నీలికళ్ళు, గళ్ళ లుంగీ, నోరు తెరిస్తే గోదావరి యాస. పడవల సందుల్లో నార కూరి తారు పూసేవాడు. అమ్మమ్మ ఎండుచేపల గంప ఎత్తుకుని బజారుకి వెళ్తే ఇంట్లో అన్నం వార్చేది తాతే. ఆవిడ కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి వేడి కంచం పీట ముందు ఉండేది. దీపాలు పెట్టే వేళకి సైకిలు ఊచలు సానబెట్టి చేసుకున్న పుల్లలతో నూలుదారం అల్లుతూ కూర్చునేవాడు. "మా నాన్నోళ్ళ ఊళ్ళో చలికాలం పొద్దే ఉండదంట బుల్లీ. ఇంటిల్లిపాదీ ఒక్క గదిలో చేరి ఆడా మగా అందరూ అల్లుతారంట. ఒకళ్ళు పైకి చదువుతారంట. నువ్వు చదువు, నేనల్లుతాను," అనేవాడు. ఫెబికి చదువు అలా అబ్బింది.

ఆ పేజీ జెర్రీ చేతిలో పడింది. ఎర్రపెన్ను తీశాడు.

"పడవలకి తారు పూసేవాడేంటి? కెప్టెన్ అని రాయి. ఐస్‌లాండ్ అంటే ఐసు ఫ్యాక్టరీ అనుకుంటారు, ఇంగ్లండ్ అని పెట్టు. వంట చేశాడు, కొట్టెయ్. ఇదేంటి, అల్లికలా? మగాడు దారపుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడని మైకులో చదివిస్తావా? మా అమ్మ కూడా వస్తుంది ఆ కూడికకి. మా పరువు చూసుకోవద్దా?"

అంటూనే ఆమె బుగ్గ గిల్లాడు. ఆ గిల్లుడికి పొంగిపోయి, ఆ మాటలు మింగేసి, తన ముత్యాల్లాంటి దస్తూరీతో ఆమె అదంతా మళ్ళీ శుభ్రంగా రాసింది. రాసి కవరులో పెట్టి అంటించింది. జెర్రీ ఆఫీసులో పెద్దాయన నిత్యానందంగారు రేపు సెలవు మీద ఊరెళ్తున్నారు. కవరు ఆయనే పట్టుకెళ్తారు. ఈ శుక్రవారం భోజనం అందుకే.

గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టగానే నిత్యానందం కళ్ళు ఆమె చేతి మీద పడ్డాయి. "ఇదేం తొడుగమ్మా? రెండు పక్కలా బొటనవేళ్ళున్నాయి! ఎవరో పాపం లెక్క తప్పి అల్లినట్టున్నారు."

జెర్రీ ఆమెకేసి చూశాడు. చూపు చిన్నదే, కానీ అందులో అంతా ఉంది.

"మా ఇంట్లో పనిచేసే ముసలావిడ అల్లిందండీ. కాస్త చాదస్తం," అంది ఫెబి. అందరికంటే ముందు తనే నవ్వింది.

భోజనాలయ్యాక నిత్యానందం భార్య లూర్దమ్మ కంచాలు తీసుకుని వంటింట్లోకి వచ్చింది. ఆవిడ ఆస్పత్రిలో నర్సు, పొద్దున డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చింది. తొడుగు తొడుక్కుని వేళ్ళాడించి చూసింది. "ఎంత బిగువుగా అల్లిందే! నా చెయ్యి ఇందులో ఈదులాడుతోంది. ఏం చేతులో ఆ తల్లివి. ఉందా ఇంకా?"

"పోయింది అక్కా," అంది ఫెబి. తాతని రెండోసారి చంపినట్టయింది.

ఇద్దరూ అంట్లు తోముతుంటే ముందుగదిలో మగవాళ్ళు ఫ్యాను కింద కాళ్ళు చాపుకున్నారు. నిత్యానందం కేక వేశాడు. "ఇంతకీ మీ తాతగారి ఓడ పేరేంటమ్మా? మీ ఆయనకి గుర్తు రావట్లేదంట."

జెర్రీ తడబడటం ఆమెకి ఇక్కడికే తెలిసింది. ఆయన్ని గట్టెక్కించాలనిపించింది. చేతులకున్న సబ్బునురగతోనే గుమ్మంలోకి వచ్చి, "'మార్గరెట్' అండీ," అంది. కాలేజీలో చరిత్ర చెప్పిన టీచరమ్మ పేరది.

జెర్రీ ముఖం వెలిగింది. "చూశారా, చదువుకున్న భార్య!"

ఈసారి ఆమె పొంగిపోలేదు. ఎవరిదో పేరుని, ఎక్కడా లేని ఓడకి, ఇంత సులువుగా పెట్టేసిన నాలుక ఎవరిది? భర్త బలవంతం చేశాడని చెప్పుకోవడానికైనా లేదు. ఆ తొడుగు తాత తన పెట్టెలో పెట్టుకున్నది. ఆయన పోయాక పెళ్ళికి సర్దుకుంటుంటే ఆమే అడిగి తెచ్చుకుంది. తండ్రి దగ్గర నేర్చుకుని, తారు కుండలూ తాళ్ళూ పట్టుకోవడానికి ఆయన తన చేతికే అల్లుకున్నది. చిన్నప్పుడు ఆమె కూడా నిత్యానందం లాగే అడిగింది, రెండో బొటనవేలెందుకు తాతా అని. "ఒక పక్క అరిగిపోతే తిప్పి తొడుక్కోవచ్చే బుల్లీ. తాడు లాగుతున్నోడికి ఆగి కొత్తది అల్లుకునే తీరికుండదు కదా." ఆ రోజు ఆయన ఆమెకి జడ కూడా వేశాడు. దువ్వెన ఆయన నోట్లో ఉండగా మాట్లాడినట్టు గుర్తు. సింకు మీద పడి ఉన్న తొడుగు అరచేతి వైపు పులుసు మరక, పలచబడిన దారం. ఫెబి చేతులు తుడుచుకుని, దాన్ని తిప్పి, మరకలేని వైపు పైకి పెట్టింది.

ముందుగదిలో నిత్యానందం బయల్దేరడానికి లేస్తూ కవరుని జేబులో పెట్టుకుంటున్నాడు.

"అన్నయ్యగారూ, ఆ కవరు ఒకసారి ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. ఆమె దాన్ని చింపింది. నీట్‌గా, నాలుగు ముక్కలు.

"ఫెబీ!" అన్నాడు జెర్రీ.

"ఒక్క పావుగంట కూర్చోండి అన్నయ్యగారూ, వేరేది రాసిస్తాను. ఆ తొడుగు పనిమనిషి అల్లింది కాదు. మా తాత అల్లాడు. ఆయన కెప్టెన్ కాదు, పడవలకి తారు పూసేవాడు. 'మార్గరెట్' అనే ఓడ లేదు. అబద్ధం చెప్పాను."

లూర్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అదీ! అంత పెద్ద చెయ్యి ఆడదానిది ఎలా అవుతుందా అనుకుంటూనే ఉన్నా," అని భర్త పక్కన చతికిలబడింది. "కూర్చోండి మీరు. ఎయిర్‌పోర్టుకి రేపు కదా."

ఫెబి తొడుగు తెచ్చి పక్కన పెట్టుకుని, బల్ల దగ్గర కూర్చుని రాసింది. తారు, ఎండుచేపల గంప, వేడి కంచం, సైకిలు ఊచలు, జడ, ఐస్‌లాండ్. అన్నీ వచ్చాయి. చివరికి వచ్చాక పెన్ను ఆగింది. ఈ పేజీ మైకులో చదువుతారు. అమ్మ ముందు వరసలో ఉంటుంది, అత్తగారు ఆ వెనకే. ఆమెకి మళ్ళీ చెవులు కాలాయి. అయినా రాసింది: "ఆయన ఎవరో తెలియనట్టు ఆయన మనవరాలు ఒక శుక్రవారం మూడుసార్లు మాట్లాడింది. ఆయన ఇక్కడ ఉంటే నవ్వేసేవాడు. అందుకే ఆమెకి ఎక్కువ సిగ్గుగా ఉంది."

"సరే, రాసుకున్నంత రాసుకో," అన్నాడు జెర్రీ. "ముందు లేచి టీ పెట్టు. వాళ్ళకి ఆలస్యమవుతోంది."

ఫెబి తల ఎత్తలేదు. పక్కనున్న తొడుగుని బల్ల మీంచి ఆయన వైపు జరిపింది.

"టీ గిన్నె పిడి కాలుతుందండీ. ఇది తొడుక్కుని పట్టుకోండి. మగవాడి కొలతే."