గడిలో పట్టని మాట

పట్టిక గారు మూడో కిటికీ వెనక కూర్చుని బొటనవేలికి అంటుకున్న జిగురుని గోటితో గీక్కుంటున్నారు. ఆ జిగురంటే ఆయనకి రోత. ఇరవై ఆరేళ్ళుగా అది అంటుకుంటూనే ఉంది, ఆయన గీక్కుంటూనే ఉన్నారు. ఎదుట ఉన్న బల్ల చెక్క కూడా జిడ్డే. రోజుకి రెండొందల మంది చెమట మోచేతులు ఆనించే ఆ చెక్కని తుడిచే నాథుడు లేడు. పట్టిక గారు ఇంటి నుంచి తెచ్చుకున్న పాత గుడ్డతో పొద్దున్నే తనవైపు సగం తుడుచుకుంటారు. అవతలి సగం తన పని కాదని ఆయన నమ్మకం.

ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. పేదవాళ్ళకి సాయాలు మంజూరు చేసే ఆ ఆఫీసులో మూడు పథకాలున్నాయి, మూడు కిటికీలున్నాయి. మొదటిది గ్యాస్ సాయం, రెండోది సరుకుల సాయం, మూడోది కరెంటు రాయితీ. మూడింటికీ మూడు రకాల నిబంధనలు. గ్యాస్‌కి గడిచిన మూడు నెలల సంపాదన చూస్తారు. సరుకులకి ఈ నెలది చూస్తారు. కరెంటుకి పోయిన ఏడాదిది చూస్తారు. అందువల్ల ఒకే మనిషి ఒకే పూట ఒక కిటికీ దగ్గర బీదవాడు, పక్క కిటికీకి జరిగేసరికి కలిగినవాడు. వీటితో గుమాస్తాలందరికీ తల ప్రాణం తోకకొస్తుంటే, పదకొండేళ్ళ కిందట ఆయన పదిరోజులు కూర్చుని, స్కేలు పెట్టి గీతలు గీసి, మూడు పథకాల నిబంధనలనీ పక్కపక్కన పెట్టి ఒకే కాగితం మీద పట్టిక వేశారు. దాన్ని పెద్దది చేయించి గోడకి అంటించి, అందరి నోటా పట్టిక గారయ్యారు. ఆ రోజు నుంచి అసలు ఉత్తర్వులు ఎవరూ తెరవలేదు. ఆయనా తెరవలేదు.

గీతలంటే ఆయనకి అంత ఇష్టం. ఇంట్లో వంటగది డబ్బాలన్నిటికీ చీటీలు అంటించి, చీటీ ఉన్న డబ్బా దాని చోట లేకపోతే అన్నం సహించదన్నట్టు కూర్చుంటారు. వాళ్ళావిడ నవ్వుతూనే ఒక చురక వేస్తుంది. "మీ గడిలో మనిషి పట్టకపోతే గడి పెంచరు, మనిషినే కత్తిరిస్తారు." ఆ మాటకి ఆయన కోపం తెచ్చుకోరు. మెచ్చుకోలుగానే తీసుకుంటారు.

పదిన్నర దాటాక ఇస్త్రీ ఆవిడ వచ్చింది. ఆ నెలలో అది మూడోసారి. నలభై అయిదేళ్ళుంటాయి. కుడి మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి చర్మం నిగనిగలాడుతోంది. ఆవిడ భర్త భవనాలకి రంగులు వేసేవాడు. ఆ పొడీ ఆ వాసనా పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు రోజంతా గాలి మిషను పక్కనే ఉంటాడు. మిషను తిరగాలంటే కరెంటు ఉండాలి. బిల్లు కట్టలేక బకాయి పడింది. ఎల్లుండిలోగా రాయితీ రాకపోతే తీగ కోసేస్తామని నోటీసు ఇచ్చారు.

"మళ్ళీ కొట్టేశారు సార్," అని ఆవిడ కాగితం లోపలికి తోసింది.

"మీ తమ్ముడి జీతం అడ్డొస్తోందమ్మా. బస్సు డ్రైవరు కదా. ఒకే ఇంట్లో ఉన్నారు."

"మేం వెనక గదిలో ఉంటాం సార్. వాడి జీతం వాడి పిల్లలకే చాలదు. మా పొయ్యి వేరు."

"పొయ్యి సంగతి సరుకుల కిటికీలో. ఇక్కడ కప్పు చూస్తారు. ఒకే కప్పు కింద ఉంటే ఒకే కుటుంబం." ఆయన వెనక్కి తిరక్కుండానే బొటనవేలితో గోడ మీది పట్టిక చూపించారు. మూడో వరస, మూడో గడి.

ఆవిడ పట్టికని చూడలేదు. రెండో కిటికీని చూసింది. "ఆయన నన్ను వేరే కుటుంబం అన్నాడు. మీరు తమ్ముడి కుటుంబం అంటున్నారు. ఆ కిటికీకీ ఈ కిటికీకీ మధ్య నాలుగడుగులు కూడా లేవు. ఈ నాలుగడుగుల్లో నేనెప్పుడు మారిపోయాను సార్?"

పక్క గుమాస్తా కిసుక్కున నవ్వాడు. పట్టిక గారికి ఆ నవ్వు వెగటనిపించింది. ఇస్త్రీ ఆవిడ మీద జాలి కూడా కలిగింది. జాలి కలిగితే ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు. అయినా ఆ పూట చొక్కా చెయ్యి ఎగదోసుకుని, జిడ్డు సగం మీదికి వంగి, గొంతు తగ్గించి సలహా చెప్పారు.

"ఆ కప్పు కింద ఉన్నంత కాలం మీకు రాదమ్మా. చిన్నదైనా సరే, వేరే ఇంటికి మారిపోండి. కొత్త చిరునామా పట్టుకుని రేపు నా దగ్గరికే రండి. నేను చూసుకుంటాను."

"గోడౌను వెనక రేకుల గది ఒకటి ఖాళీగా ఉంది సార్. ఆ ఉడుకు ఆయనకి పడదని ఆగాం."

"ఆలోచించుకోండి మరి."

"ఆలోచించడానికేముంది. ఇవాళ తమ్ముడికి సెలవు. మధ్యాహ్నానికి ట్రాలీ ఆటో మాట్లాడమంటాను." మెట్ల దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. "ఇన్నిసార్లు తిరిగాను, దారి చెప్పింది మీరొక్కరే సార్."

పట్టిక గారు ఆ మాట తలుచుకుంటూ క్యారేజీ విప్పారు. చాలా రోజుల తర్వాత అన్నం రుచిగా అనిపించింది.

రెండు గంటలకి ఆఫీసరమ్మ పిలిచింది. కొత్త ఏడాదికి ఆదాయం హద్దులు మారాయి, పట్టిక మళ్ళీ వేసి పెట్టమంది. ఆయన బీరువా తలుపు లాగారు. బొద్దింకలు నాలుగు వైపులకీ పరిగెత్తాయి. ఉత్తర్వుల కట్ట చెమ్మకి అంటుకుపోయి, తెరుస్తుంటే కుళ్ళిన గుడ్డ వాసన వేసింది. ముక్కు మూసుకుని, ఆదాయం హద్దు ఉన్న పేజీ కోసం తిప్పుతుంటే కరెంటు రాయితీకి కుటుంబం అంటే ఏమిటో చెప్పే పేజీ తగిలింది.

"ఒకే కప్పు కింద ఉంటూ, ఒకే పొయ్యి మీద వండుకు తినేవారు."

ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి తన గడిని చదివారు. "ఒకే కప్పు కింద ఉండేవారు." అంతే ఉంది. మిగతా సగం లేదు.

ఎందుకు లేదో ఆయనకి వెంటనే గుర్తొచ్చింది. గడి నిండిపోయింది. ఇంకో మాట రాస్తే అక్షరాలు గీత దాటి పక్క గడిలోకి పోయేవి. పట్టిక అందం చెడిపోతుందని, సారం వచ్చేసిందిలే అని, అక్కడ ఆపేశారు. ఈ పదకొండేళ్ళలో ఎంతమందికి ఆ గడి చూపించి పొమ్మన్నారో ఆయనకే తెలియదు. బొద్దింకల మీద, జిడ్డు మీద, పక్కవాడి నవ్వు మీద ఇన్నేళ్ళు పెంచుకున్న రోత అంతా ఒక్కసారిగా తనవైపు తిరిగింది. కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నారు, మళ్ళీ కడుక్కున్నారు.

ఆఫీసరమ్మ గుండుసూదితో పళ్ళు కుట్టుకుంటోంది. ఉత్తర్వు చదివి, సూదిని చీర కొంగుకి తుడిచి, అది తీసిన కాగితాల కట్టకే మళ్ళీ గుచ్చింది.

"ఇప్పుడెందుకండీ ఇదంతా? మిగతా ఆఫీసులన్నీ మీ పట్టికే గోడకి అంటించుకున్నాయి. కొట్టేసిన వాళ్ళంతా రేపు వచ్చి తలుపు దగ్గర నిలబడితే ఎవరు చెప్తారు సమాధానం?"

"నేను చెప్తాను. తప్పు నాది."

"మీది అంటే ఊరుకుంటారా? సంతకాలు నావి. ఇంకో ఏడాదిన్నరలో రిటైరవుతారు, కాస్త ప్రశాంతంగా ఉండండి."

ఆ గదిలో ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. ఆ రోజు అడక్కుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇస్త్రీ ఆవిడ దరఖాస్తు ఆఫీసరమ్మ ముందు పెట్టారు. "ఇది అయితేగానీ లేవను," అన్నారు.

ఆఫీసరమ్మ గడియారం చూసింది. ఆయన మొహం చూసింది. చీదరించుకుంటూ సంతకం గిలికింది. "ఇదొక్కటే. గోడ మీది పట్టిక జోలికి పోకండి. వెళ్ళి ఆ పొయ్యేదో వేరుగా ఉందని కళ్ళతో చూసి, కింద రాసి సంతకం పెట్టుకురండి. అప్పుడే చెల్లుతుంది."

గోడ సంగతి రేపు చూద్దామనుకున్నారు. మారిపోకముందే ఆవిడని ఆపాలి. రేకుల గదికి మీటరు ఉందో లేదో! లేకపోతే ఏ రాయితీ రాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గొడుగు కూడా మర్చిపోయి, ఎండలో గబగబా నడిచారు. అంత వేగంగా నడిచి ఎన్నేళ్ళయిందో. రెండుసార్లు ఆగి గోడ పట్టుకున్నారు.

దరఖాస్తులో ఉన్న చిరునామాకి చేరేసరికి నాలుగున్నర. వాకిట్లో చెప్పులు లేవు. డ్రైవరు భార్య మెట్టు మీద కూర్చుని ఉంది. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మీ వదిన గారు ఉన్నారామ్మా? కరెంటు రాయితీ వచ్చింది. మారక్కర్లేదు," అన్నారు ఆయాసపడుతూ.

ఆవిడ మెట్టు మీద నుంచి లేచింది.

"రెండింటికి బయల్దేరారండీ. పావుగంటే కదా, మిషను లేకపోయినా తట్టుకుంటాననే అన్నాడు అన్నయ్య. రైలు గేటు పడింది. ఎండలో ఆటో అక్కడే ఆగిపోయింది. అన్నయ్య ఆస్పత్రికి చేరేలోపే పోయాడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆస్పత్రి నుంచి ఇందాకే ఫోన్ చేశారు. మా ఆయన కాగితాల పని చూస్తున్నాడట. వదిన ఏడవను కూడా ఏడవట్లేదట. ఆఫీసులో పెద్దాయన రేపు రమ్మన్నారు, చిరునామా రాయించుకోవాలి అంటోందట."

పట్టిక గారు జేబులోని కాగితం తడుముకున్నారు.

"మీరు ఏం చూసుకోవాలో చూసుకోండి," అని ఆవిడ వెనక గది వైపు చెయ్యి చూపించింది.

ఎందుకు వెళ్ళారో ఆయనకే తెలియదు. ఇన్నేళ్ళ అలవాటు కాళ్ళని నడిపించింది. గది ఊడ్చేసి ఉంది. మంచం తీసిన చోట నేల మీద నాలుగు గుండ్రటి మచ్చలున్నాయి. గోడకి ఉన్న ప్లగ్గులో ఏమీ లేదు. ఆయన జేబులోంచి కాగితం తీశారు, కలం మూత తీశారు, రాయకుండానే మూత పెట్టేశారు.

"పెద్ద సామాను ముందు వేసుకెళ్ళారు," అంది వెనక నుంచి డ్రైవరు భార్య. "అది రెండో విడతలో తీసుకెళ్దామని ఉంచారు."

గోడవారగా, రెండు బర్నర్ల మీదా రెండు గిన్నెలు బోర్లించి, పైన తడిగుడ్డతో తుడిచిన చారలు ఇంకా కనపడుతూ, వాళ్ళ పొయ్యి వేరుగా ఉంది.