అపహృతాభినయము

ఆషాఢమాసము ప్రవేశించి నాలుగు దినములు కడచెను. తూర్పుసముద్రము మీదుగా తరలివచ్చిన నీలమేఘమాలికలు తీరనగరమును నలుదెసల నావరించియుండగా కొండవాలున వెలసిన విశ్వవిద్యాలయ ప్రాంగణమునందలి తురాయిచెట్లు తమ యెఱ్ఱని పూలరేకులను తడిసిన బాటలపై రాల్చుచుండెను. నృత్యశాఖా భవనపు రేకులకప్పుపై పడు వర్షధారల మ్రోతయు లోపలి చావడియందు ఇరువదిమంది క్రొత్త విద్యార్థినుల పాదతాడనధ్వనియు నొండొంటితో పెనగొని యేది వానయో యేది నాట్యమో వెలుపల నిలిచినవారికి తెలియరాకుండెను.

ఆ చావడి ముందుభాగమున చెక్కపలకపై కఱ్ఱతో తాళము వేయుచు కూర్చున్న యువతి పేరు వారిజ. ఆమె ఎం.ఏ. రెండవ సంవత్సరము చదువుచు ఆచార్యురాలి యానతిచొప్పున వారమునకు మూడు సాయంకాలములు డిప్లొమా తరగతిలో చేరినవారికి తొలి యడుగులు నేర్పుచుండెడిది.

ఈ వారిజ బొబ్బిలిలో రవికెలు కుట్టి జీవించు నొక దర్జీ కూతురు. నాట్యమే కావలెనని పంతము పట్టి బి.ఏ.లో చేరిన దినమున ఆమెకు తాళమన నేమో లయ యన నేమో తెలియదు. తక్కిన సహాధ్యాయినులెల్ల ఐదేండ్ల ప్రాయమునుండి గురుముఖమున నభ్యసించినవారగుటచే, మోకాళ్ళు ప్రక్కలకు వంచి సగము కూర్చున్నట్లు నిలువవలసిన అరమండియందు ఆమె తూలి ముందునకు పడినప్పుడు చావడి యంతయు నవ్వెను. ఆ నవ్వు ఆమె చెవులయందు మూడేండ్లు మ్రోగెను. ఆ లజ్జను జయింపగోరి ఆమె చేసిన సాధన సామాన్యమైనది కాదు. వసతిగృహపు డాబాపై తెల్లవాఱకమున్నే లేచి అడుగులను మొదట విలంబమునను పిమ్మట ద్విగుణమునను తుదకు త్రికాలములందును అభ్యసించి, మడమల చర్మ మూడిపోయి మఱల వచ్చి గట్టిపడువఱకు నేలను తన్ని, జతులు నేర్చి, శబ్దములను నృత్యాంశములు నేర్చి, నాలుగవ యేట ఇత్తడిపళ్ళెరపు టంచుపై నిలిచి తరంగము నాడునప్పటికి నాడు నవ్వినవారిలో నొక్కతెయు నామెకు సాటి రాలేకపోయెను.

అయినను ఒక్క లోపము మిగిలియుండెను. శాఖాధ్యక్షురాలైన మందాకినీదేవి మితభాషిణి. ఆమె యొకనాడు వారిజ నృత్యమును చూచి, "నీ కాళ్ళు మాట్లాడుతున్నాయి వారిజా. ముఖం మాత్రం పాఠం అప్పజెబుతోంది" అని పలికి లేచి వెడలెను. తుదిపరీక్షయందు ప్రతి విద్యార్థినియు సొంతముగ కూర్చిన యొక నృత్యమును ప్రదర్శింపవలసియుండెను. దానిలో సగము మార్కులు అభినయమునకే. ఆచార్యురాలి మాట వారిజ హృదయమున ముల్లువలె నాటుకొనెను.

ఆ యేటి డిప్లొమా తరగతిలో నూకరత్నమను స్త్రీ చేరెను. వయస్సు నలువదియాఱేండ్లు. నగరమునందలి యొక ప్రసూతి వైద్యశాలలో ఆయా. రాత్రి యెనిమిది గంటలకు ఆమె డూటీ ఆరంభమగును. దానికి ముందు సాయంకాలమున వచ్చి స్థూలమైన తన దేహమును అరమండియందు నిలుపుటకు శ్రమపడుచు చిట్టచివరి వరుసలో నిలుచుండెడిది. తరగతిలోని పడుచులామెను చూచి మొగములు చాటు చేసికొని నవ్వెడివారు. "సిన్నప్పట్నుంచీ ఆశ తల్లీ. అప్పుడు కుదర్నేదు, ఇప్పుడు మోకాళ్ళు కుదరనిత్తన్నాయి కాదు" అని యామెయు వారితో కూడ నవ్వెడిది. వారిజ యామెను మందలింపలేదు. ఆ నవ్వులను మాన్పింపనులేదు. తాను పడిన దినమును మఱచినది కాదు గాని అది తనకు తీరిపోయిన ఋతువని తలంచుచుండెను.

కార్తికమున నొక సాయంకాలము మందాకినీదేవి తానే తరగతికి వచ్చి, తల్లి బిడ్డ నెత్తుకొనుటను ఎవరికి తోచినట్లు వారు చూపవలసినదిగా నాజ్ఞాపించెను. పడుచులందఱును చేతులను డోలవలె కలిపి ఊపుచు ముద్దుమొగములు పెట్టిరి. నూకరత్నము వంతు వచ్చెను. ఆమె మొదట రెండఱచేతులను గట్టిగ రుద్దుకొని తన చెంపలకు తాకించి చూచుకొనెను. అది చూచి ఎవ్వరో కిసుక్కుమనిరి. పిమ్మట నామె వంగి, ఒక చేతిని అదృశ్యమైన శిశువు మెడ క్రిందను మఱియొక చేతిని నడుము క్రిందను చేర్చి పైకెత్తెను. ఎత్తి ఊపలేదు. చెవి యొగ్గి నిలిచెను. శిశువు ఏడ్వలేదు. ఆమె చూపుడువ్రేలితో చిట్టిపాదమును తట్టెను, మఱల చెవి యొగ్గెను, మఱల తట్టెను. ఆమె ముఖమున రక్తము తొలగిపోయెను. అంతట నెక్కడినుండియో ఏడ్పు వినవచ్చినట్లు ఆమె కన్నులు విప్పారి, పెదవులు వణకి, దేహమంతయు నొక్కమాఱు సడలెను. అప్పటికిని వెనుకవరుసలో నవ్వు ఆగలేదు. బరువైన యా శరీరము వంగుటయు లేచుటయు వారికి వింతగ తోచెను. వారిజయు చిఱునవ్వు నవ్వెను. నవ్వుచునే యా భంగిమను అడుగడుగున మనస్సునందు భద్రపఱచుకొనెను. ఆ సమయమున నెవ్వరో పిలువగా మందాకినీదేవి బయటికి పోయియుండుటచే ఆ యభినయము నామె చూడలేదు.

అది మొదలు వారిజకు తన పరీక్షానృత్యమునకు వస్తువు దొరకెను. చెఱసాలయందు దేవకి ప్రసవించిన క్షణమును ఆమె యెన్నుకొనెను. పుట్టిన శిశువు ఏడ్వకున్న ప్రాణము లేదేమోనని తల్లి గుండె యాగును. ఏడ్చెనా కావలివారు విందురు. ఈ రెండు భయముల నడుమ దేవకిని నిలుపుట వారిజ కల్పనయే. కాని యా చెవి యొగ్గుట, ఆ పాదమును తట్టుట, ఆ ముఖవైవర్ణ్యము, ఆ సడలుట, ఇవన్నియు నూకరత్నమునకు చెందినవి. అఱచేతులు రుద్దుకొనుట మాత్రము మోటుగ నున్నదని యామె విడిచిపెట్టెను.

ఫాల్గునమున పరీక్ష జరిగెను. సభామందిరమున శాఖవారెల్లరు కూడిరి. డిప్లొమా విద్యార్థినులును చూచుటకు పిలువబడి వెనుక కుర్చీలలో కూర్చుండిరి. వారిజ దేవకియై శిశువు నెత్తి చెవి యొగ్గినప్పుడు మందిరమున ఊపిరిచప్పుడైన వినరాలేదు. పాదమును రెండవమాఱు తట్టినప్పుడు మృదంగము వాయించువాడు సహితము చేయి యెత్తి యట్లే నిలిపెను. నృత్యము ముగిసినంతనే పరాయి విశ్వవిద్యాలయమునుండి వచ్చిన వృద్ధ పరీక్షకుడు కన్నులు తుడుచుకొనుచు, "అమ్మాయీ, ఆ ఎదురుచూపు నీకెవరు నేర్పారు?" అని యడిగెను.

"ఎవరూ నేర్పలేదండీ. సాధన చేస్తూంటే దానంతటదే వచ్చింది" అని వారిజ బదులు చెప్పెను.

చెప్పుచు తల యెత్తగా ఆమె చూపు తిన్నగా వెనుకవరుసపై పడెను. నూకరత్నము ఒడిలో రెండు చేతులను సగము పైకెత్తి, వారిజతో పాటు తానును బిడ్డ నెత్తుచున్నట్లుండెను. ఆమె ముఖమున నంతవఱకు నిండిన సంతోష మింకను చెదరలేదు. ఆ యుత్తరము విని యామె క్షణకాలము చేతులను చూచుకొని, వానిని మెల్లగ దించి పమిటచెఱగు క్రింద దాచుకొనెను. అందఱితో పాటు చప్పట్లు కొట్టలేదు.

మఱునాటినుండి నూకరత్నము తరగతికి రాలేదు. వారము గడచెను, రెండు వారములు గడచెను. వారిజకు ప్రథమస్థానము వచ్చినదని తెలిసెను. సహాధ్యాయినులు మిఠాయి తినిపించిరి. వార్షికోత్సవమున ఆ నృత్యమునే మఱల ప్రదర్శింపవలెనని నిశ్చయమయ్యెను. బిడ్డ నెత్తుట లోకమునందలి తల్లులందఱి సొత్తు గదా, అందు దొంగతన మేమున్నదని యామె తన్ను తాను పలువిధముల సమాధానపఱచుకొనెను. కాని అద్దము ముందు నిలిచి చేతులు చాచినప్పుడెల్ల పమిట క్రిందికి పోయిన యా రెండు చేతులు కనబడి, ఏకాంతమున నుండియు ఆమె ముఖము చెవులదాక కందిపోయెడిది. మెచ్చుకొనిన ప్రతివారి యెదుటను ఆమెకు తాను అపరిచితుల చీర కట్టుకొని వీథిలో నిలిచినట్లు తోచెడిది.

తుదకొక ప్రాతఃకాలమున ఆమె వైద్యశాలకు పోయి వరండాలోని బల్లపై కూర్చుండెను. ఎనిమిది గంటలకు డూటీ దిగిన నూకరత్నము ఉతికిన పొత్తిగుడ్డలను మడత పెట్టుచు వచ్చి యామెను చూచి, "ఏటి టీచరమ్మా, ఇలాగొచ్చినావు? కూకో, కూకో. టీ తాగుతావా?" అని యాదరించెను. ఆ యాదరము వారిజకు దెబ్బకంటె కఠినమయ్యెను.

"మీదే అది. నేను దొంగిలించాను. అడిగితే నాదేనని చెప్పాను" అని తల వంచుకొని పలికెను.

నూకరత్నము చేతిలోని గుడ్డను మడత ముగించి ప్రక్కన పెట్టెను. "తెలుసు తల్లీ. నాకు కోపం నేదు. నా సేతుల్లో అది సూసి అందరూ నవ్వినారు, నీ సేతుల్లో సూసి ఏడిసినారు. అంత బాగా సేసినావు."

"మరి క్లాసుకెందుకు రావడం లేదు?"

"ఏటని రాను? ఇప్పుడు నాను బిడ్డనెత్తితే, టీచరమ్మని సూసి నేర్సుకుందంటారు."

నూకరత్నము మఱియొక గుడ్డ తీసికొని, దానివంకనే చూచుచు, "ఒకటి మరిసిపోయినావు. సేతులు రుద్దుకోనేదు. సల్లటి సేతుల్తో ముట్టుకుంటే ఆ పసిపేణం ఉలిక్కిపడతాది" అనెను. పిమ్మట మిక్కిలి మెల్లగ, "క్లాసులో నాను ఆ పసిబిడ్డని ఏడిపించినాను గానీ, నా బిడ్డ ఏడవనేదు తల్లీ. ఇరవయ్యేళ్ళయింది. ఆ యేడుపు ఒక్కసారి ఇందామని..." అని వాక్యము ముగింపక లోపలి నుండి ఎవ్వరో పిలువగా వెడలిపోయెను.

వారిజ అటనుండి తిన్నగా మందాకినీదేవి గదికి పోయి జరిగినదంతయు చెప్పి కంటతడి పెట్టెను. ఆచార్యురాలు, "మార్కులు పరీక్షల కార్యాలయానికి వెళ్ళిపోయాయి. వెనక్కి తెప్పించి దిద్దించాలని రాస్తాను, కానీ ఒప్పుకుంటారనుకోను. నాతో చెప్పుకుంటే నీ బరువు తగ్గుతుంది, ఆవిడకేం ఒరుగుతుంది? నలుగురిలో నాదన్నావు, నలుగురిలోనే కాదను" అని చెప్పెను. ఆమె వ్రాసిన లేఖకు నియమములు అంగీకరింపవని నాలుగు పంక్తుల ప్రత్యుత్తరము వచ్చెను.

వార్షికోత్సవదినమున వేయిమంది యెదుట వారిజ గజ్జెలు కట్టుకొనకయే రంగస్థలమునకు వచ్చి, తాను ప్రదర్శించిన నృత్యమునందలి ప్రాణప్రదమైన ఘట్టము నూకరత్నమను డిప్లొమా విద్యార్థినికి చెందినదనియు, తానది దొంగిలించి పరీక్షకునితో నసత్యము పలికితిననియు, ఇక మీదట దాని నాడుటకు తనకు హక్కు లేదనియు ప్రకటించెను. అంతలో ముందువరుసనుండి ఒక చప్పట్ల ధ్వని లేచి సభ యంతయు వ్యాపించెను. ఎంతటి వినయము, ఎంతటి సంస్కారము అని పెద్దలు తల లూపిరి. ముఖ్య అతిథి లేచి యామె భుజముపై శాలువ కప్పెను. పత్రికవారు ఛాయాచిత్రము తీసిరి. దోషమును వదలించుకొనవచ్చిన చోట మఱల నొక సత్కారమును మోసికొనిపోవలసివచ్చినందున వారిజకు ఆ శాలువ క్రింద దేహము మండిపోయెను. ఎవ్వరి పేరు చెప్పెనో ఆ పేరు సభలో నొక్కరికిని జ్ఞాపకముండలేదు. నూకరత్నము నాడు సభకు రానేలేదు.

మఱుసటి సాయంకాలము వారిజ డిప్లొమా తరగతికి పోయి తాళపు కఱ్ఱను ప్రక్కన పెట్టి యా పడుచుల యెదుట నిలిచి, "ఆవిడ చేస్తున్నప్పుడు మీరు నవ్వారు. మీతోబాటు నేనూ నవ్వాను. నవ్వి, ఇంటికెళ్ళి దాన్నే కాజేశాను" అని చెప్పెను. అచ్చట నెవ్వరును చప్పట్లు కొట్టలేదు. ఒకతె తల దించుకొనెను. ఇంకొకతె గజ్జెల త్రాడు ముడి విప్పుచు మఱల వేయుచు నుండెను. ఆ మౌనమే వారిజ వెదకుచు వచ్చినది. అందుండి తప్పించుకొనుటకు ఆమె ప్రయత్నింపలేదు.

తరువాతి ఆషాఢమున డిప్లొమా రెండవ సంవత్సరము ఆరంభమయ్యెను. పరిశోధకురాలిగ చేరిన వారిజకే యా తరగతి మఱల నప్పగింపబడెను. మొదటి దినముననే నూకరత్నము వచ్చి చివరివరుసలో నిలిచి, "ఆ అడుగులు మద్దిలో ఒగ్గేసినాను, ఆశ సావనేదు. నేర్పు తల్లీ" అని యడిగెను. ఆ యేడంతయు ఆమె మిక్కిలి శ్రద్ధతో నేర్చెను. మోకాళ్ళు సహకరించిన దినమున రెండవ కాలము సహితము తప్పకుండ వేసెను. ఆమె మడమ నేల తాకినప్పుడు ఇప్పు డెవ్వరును నవ్వరు.

అయితే వేయిమంది యెదుట తప్పు నొప్పుకొనవచ్చును, వేయిమందియు క్షమింతురు, వారినుండి వారిజ తీసికొనిన దేమియు లేదు గనుక వారికది సులభము. అడుగుల పాఠము ముగిసి అభినయపాఠమునకు అందఱును వలయముగ కూర్చుండు వేళకు నూకరత్నము మాత్రము చెప్పులు తొడిగికొని సంచి చంక పెట్టుకొని, "డూటీకి ఏళయిపోతంది తల్లీ" అని ఆప్యాయముగ చెప్పి మెట్లు దిగిపోవును. ఆమె డూటీకి ఇంకను రెండు గంటలు కలవని వారిజకు తెలియును. తెలిసియు నామె ఏనాడును "ఉండండి" అని యనలేదు.