ఇచ్చినంక అడుగరు

చేతిలో సుద్దముక్కతో బోర్డు ముందు నిలబడి, ఈ పిల్లలకు లెక్క అర్థం కావద్దు దేవా అని ఎస్తేరు రోజూ మనసులో మొక్కుకునేది. ఈ మాట ఆమె ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా పెదవులు కదలకుండా జాగ్రత్త పడేది.

మిగతాదంతా అందరికీ తెలిసిందే. జడ్చర్లలో రైల్వే గేటు అవతలి బస్తీలో ఎవరినడిగినా చెప్తారు. డానియల్ ఇంటోళ్ళు ఎవరికైనా ఏదైనా నేర్పితే అది నేర్చుకున్నవాళ్ళ వెంట వెళ్ళిపోతుంది, నేర్పినవాళ్ళ దగ్గర ఉండదు. డానియల్ తన తమ్ముడికి క్వారీ గుంతలో ఈత నేర్పి, తెల్లారి అదే గుంతలో దిగి రాయిలా మునిగాడు. ఆ తమ్ముడే జుట్టు పట్టి ఒడ్డుకు ఈడ్చాడు. డానియల్ భార్య జానమ్మ పెద్దబిడ్డ కోమలకు జొన్నరొట్టె చేయడం నేర్పింది. మర్నాటి నుంచి జానమ్మ కొట్టిన రొట్టె పెనం దాకా పోకుండానే చేతుల్లో ముక్కలై రాలింది. "కోమలకు పోయింది" అనుకుని ఆమె పిండి డబ్బాను అటక మీద పెట్టింది. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు. కొందరిళ్ళల్లో షుగరు ఉన్నట్టు వీళ్ళింట్లో ఇది.

పోయినదాన్ని మళ్ళీ చూసి నేర్చుకుందామన్నా రాదు. తిరిగి నేర్పమని అడగడం ఆ ఇంట్లో లేదు. పెట్టిన చీర అడుగుతామా, పిలిచి పెట్టిన అన్నం అడుగుతామా, ఇదీ అంతే అనేవాళ్ళు. అడిగినా లాభమేముంది? కోమల తల్లికి తిరిగి నేర్పితే కోమలకు పోతుంది. ఒక రొట్టె, ఒక మనిషి.

చిన్నబిడ్డ ఎస్తేరుకు మాత్రం బడి దాటాక ఎవరూ ఏదీ నేర్పలేదు. అది ఆమె గొప్ప. పదో తరగతి అయిన ఏడు బాపు కాలు విరిగి దవాఖానలో పడితే చదువు ఆగింది. తర్వాత ఇంటర్ ఓపెన్ స్కూల్లో కట్టింది, డిగ్రీ ఇంట్లో కూర్చునే చేసింది. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు నీడలో, పాత గైడ్లు, పగిలిన ఫోనులో వీడియోలు. ఒకరి ముందు కూర్చుని "ఇది నాకు చెప్పు" అని అడిగింది లేదు. జూన్ నెలలో బీఎడ్ ఎంట్రెన్స్ ఉంది. ఆ సీటు వస్తే ఈ రెండు గదుల్లోంచి, కంపెనీ బస్సు కోసం నిలబడే ఆడవాళ్ళ వరుసలోంచి బయటపడొచ్చు. రాకపోతే ఆ పై నెల నుంచి ఆ వరుసలో ఆమె కూడా ఉంటుంది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని బాపు ముందే మాట్లాడి పెట్టాడు.

ఈలోపు ఎండాకాలం ఖాళీగా ఎందుకని నాగేందర్ సార్ ట్యూషన్‌లో పొద్దుటి పూట పనికి కుదిరింది. పదో తరగతి తప్పిన పిల్లలకు లెక్కలు చెప్పాలి.

"మీ ఇంటోళ్ళు చెప్తే పిల్లలు సచ్చేదాక మర్వరట గదా" అని సార్ మొదటిరోజే సంబరపడ్డాడు. గేటుకు ఫ్లెక్సీ కూడా కట్టించాడు: ఇక్కడ చెప్పింది మర్చిపోరు.

ఎస్తేరు ఒక ఉపాయం కనిపెట్టింది. ఎట్లా చేయాలో చెప్పేది, ఎందుకో చెప్పేది కాదు. ఎందుకో తెలిసినప్పుడే లెక్క అవతలి మనిషిలోకి దిగుతుంది, అప్పుడే తనలోంచి పోతుంది. పైపైన చెప్తే పిల్లలు రాసుకుంటారు, మర్చిపోతారు, తనది తనకు ఉంటుంది. అయినా మొదటివారంలోనే వెనక బెంచీ పిల్లవాడెవడో తనంతట తాను తల ఊపాడు. ఎస్తేరుకు శాతాలు పోయాయి. ఆ రోజు నుంచి పిల్లల ముఖాలు చూడకుండా బోర్డుతోనే మాట్లాడింది.

మే నెల నడిమికి ఇల్లు నిండింది. కోమల, భర్త దశరథ్, ఇద్దరు పిల్లలు ఆలేరు నుంచి రైలెక్కి వచ్చారు. బాబాయి వాళ్ళొచ్చారు. దవాఖాన పని మీద వచ్చినవాళ్ళు, పెళ్ళికి పోతూ వచ్చినవాళ్ళు, ఊరికే వచ్చినవాళ్ళు. కూలర్‌లో నీళ్ళు పోయడం, చాపలు వేయడం, చాపలు తీయడం, ఎవరి చెప్పులు ఎవరు తొడుక్కుపోయారో కనుక్కోవడం. ఎస్తేరు గైడు తెరిచిందంటే ఎవరో ఒకరు "బిడ్డా, జర మంచినీళ్ళు" అనేవాళ్ళు.

రొట్టెలు అల్లుడే కొట్టేవాడు. రెండో కాన్పప్పుడు కోమల లేవలేక భర్తకు నేర్పింది. అట్లా అది ఇంట్లోంచి కూడా దాటిపోయింది.

"తలుపు దగ్గరికేయి బిడ్డా" అనేది జానమ్మ, గుసగుసగా. "అల్లుడు పొయ్యి కాడ కూసున్నడని బజారంత సూస్తరు."

"సూడనీ అత్తమ్మా. నోరూరితే వాళ్ళే లోపలికొస్తరు" అనేవాడు దశరథ్, పిండి ముద్దను చప్పుడు చేస్తూ చరుస్తూ.

"ఆలేరుల గూడ గిదే కథనే అమ్మా. ఈయన డ్యూటీకి పోతే మాకు అన్నమే గతి" అంది కోమల.

"మరదలా, టీచరైతవట గదా" అని దశరథ్ ఎస్తేరు వైపు తిరిగాడు. "మొదటేడు అన్నీ చెప్పేస్తవ్. ఖాళీ అయితవ్. రెండో ఏడు ఏం చెప్తవ్, అటెండెన్సా?"

ఇల్లంతా నవ్వింది. ఎస్తేరు కూడా నవ్వింది. నవ్వుతూనే మిద్దె మెట్లెక్కి, ట్యాంకు వెనక కూర్చుని, చున్నీ నోట్లో కుక్కుకుంది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. రోజూ తనకు తానే అనుకుంటూ, ముందు సీటు రానీ, తర్వాతిది తర్వాత అని పక్కకు నెట్టుకుంటున్న మాటే.

ట్యూషన్‌లో మల్లీశ్వరి అని ఒక పిల్ల ఉండేది. గొర్లకాపరుల పిల్ల. అమ్మ, నాయిన జానయ్య మందను తోలుకుని అమ్రాబాద్ అడవి అంచుకు పోయారు. పరీక్ష కోసం ఈ పిల్ల అవ్వ భద్రమ్మ దగ్గర ఉండిపోయింది. కర్ర చేతిలో లేకపోతే నడక రాదన్నట్టు ట్యూషన్‌కు కూడా కర్ర పట్టుకునే వచ్చేది. ఒకరోజు అందరూ పోయాక ఆ కర్ర పట్టుకునే బోర్డు దగ్గరకొచ్చింది.

"టీచర్, మీరు సగమే చెప్తున్నరు."

ఎస్తేరు డస్టర్ తీసుకుని తుడిచినదాన్నే మళ్ళీ తుడిచింది. "మిగిలింది గైడ్‌ల ఉంటది, సూస్కో."

"సూసిన. గైడ్‌ల ఎట్ల చెయ్యాల్నో ఉంది. ఎందుకో లేదు."

"పరీక్షల ఎందుకో అని అడుగరు."

"అడుగరు టీచర్. కానీ ఎందుకో ఎరుక కాకపోతే నాకు చేతులు ఆడవు." పిల్ల తల దించుకుంది. "మీకు పోతదని ఎరికే. మా అవ్వ చెప్పింది. గందుకే గిన్ని దినాలు నోరు తెరువలే. గీసారి తప్పితే మందల కలిపేస్త, బడి బందు అన్నడు నాయిన. గొర్లంటే నాకు పానమే. కానీ గొర్ల కాడ గూడ నాకు గిట్లెందుకు, గట్లెందుకు అని అడుగబుద్ధయితది. ఆడ ఎవలు చెప్తరు?"

"రేపు మాట్లాడుదాం. ఫో" అంది ఎస్తేరు.

ఆ రోజంతా ఆమె ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. బాబాయి భార్య "పిల్లకు ఎండదెబ్బ తగిలినట్టుంది" అని ఉల్లిగడ్డ దంచి అరికాళ్ళకు రాసింది. ఎస్తేరు కాళ్ళు చాపుకుని పడుకుని, మల్లీశ్వరి తప్పితే ఏమవుతుంది అనుకుంది. ఏమీ కాదు. రోజూ ఎవరో ఒకరు తప్పుతూనే ఉంటారు. తనూ అట్లాగే ఆగింది, ఎవరికేమైంది? ఆ ప్రశ్న దగ్గరే ఆమె ఆగిపోయింది, అవతలికి పోలేకపోయింది.

మర్నాడు పొద్దున పిల్లలందరినీ ట్యూషన్ వెనక సెల్ టవర్ దగ్గరికి తీసుకుపోయింది.

"మల్లీశ్వరీ, గా టవర్ ఎంత ఎత్తుందో చెప్పు."

"ఎక్కి కొల్వాల్నా టీచర్?"

"ఎక్కితే పోలీసోళ్ళు దించుతరు. ఈన్నుంచే చెప్పు. కర్ర నిలువుగ పట్టు."

కర్ర నీడ నేల మీద పడింది. ఎస్తేరు దాన్ని అడుగులతో కొలిపించింది. తర్వాత టవర్ నీడ కొలిపించింది. "సూర్యుడు ఒక్కడే. నీ కర్ర మీద ఎట్ల వంగి పడుతుండో, టవర్ మీద గూడ గట్లనే వంగి పడుతుండు. కర్ర, దాని నీడ, ఇదొక త్రిభుజం. టవర్, దాని నీడ, అదొకటి. ఒకటి పిల్ల, ఒకటి తల్లి. పోలిక ఒక్కటే. గందుకే..."

ఆపొచ్చు. ఇక్కడ ఆపితే తనది తనకుంటుంది. మల్లీశ్వరి నోరు తెరుచుకుని కర్రను, టవర్‌ను మార్చి మార్చి చూస్తోంది.

"గందుకే, కర్ర తన నీడకు ఎన్ని రెట్లుంటే, టవర్ తన నీడకు గన్నే రెట్లుంటది."

"అబ్బ!" అంది మల్లీశ్వరి. అనడమే కాదు, కర్ర పట్టుకుని ఉరికింది. తాటిచెట్టు నీడ కొలిచింది, కరెంటు స్తంభం నీడ కొలిచింది, గోడ మీద కూర్చున్న నాగేందర్ సార్ నీడ కొలవబోతే ఆయన కాళ్ళు పైకి లాక్కున్నాడు. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు ఎస్తేరుకు లోపల ఒకచోట జారింది. తల ఎత్తి చూసింది. టవర్ టవర్‌లా ఉంది, కర్ర కర్రలా ఉంది. రెంటికీ మధ్య ఏముందో ఆమెకు కనిపించలేదు.

ఇవ్వడం మొదలయ్యాక ఆపడం ఆమె వల్ల కాలేదు. ఒక్కరికి చెప్పి ఇంకొకరికి చెప్పనంటే మనసొప్పలేదు. సమీకరణాలు ఒకరికి, వృత్తాలు ఒకరికి, పరీక్ష వచ్చేసరికి ఉన్నదంతా పిల్లల చేతుల్లో ఉంది. వాళ్ళు పరీక్ష రాసి వచ్చి "అన్నీ చేసినం టీచర్" అని అరిచారు. మల్లీశ్వరి మాత్రం అరవలేదు. "మంద కాడికి పోతున్న టీచర్. రిజల్ట్ వచ్చేదాక ఆన్నే ఉంట. నాయిన ఫోన్ నంబర్ తీస్కోండ్రి. పొద్దుగాల గుట్టెక్కినప్పుడు సిగ్నల్ ఉంటది" అని చెప్పి పోయింది.

ఎస్తేరు ఇంటికొచ్చి ట్యాంకు నీడలో గైడు తెరిచింది. పేజీ నిండా చీమల బారులు.

ఎంట్రెన్స్‌కు వారం లేదు. ఆమె గైడ్ల అట్టలు చిరిగేదాకా చదివింది, కళ్ళ నీళ్ళు కారేదాకా వీడియోలు చూసింది. చేపను చేత్తో పట్టినట్టు అన్నీ జారిపోయాయి. ఆదివారం ఇంటికి చర్చి వాళ్ళు కూడా వస్తే జానమ్మ "ఎస్తేరూ, ఎసరు పెట్టు" అంది. ఎస్తేరు పొయ్యి మీది ఎసరు గంజు ముందు నిలబడింది. బయట ఎంతమందో లెక్కపెట్టగలిగింది. ఒక డబ్బా ఎంతమందికి వస్తుందో తెలుసు. ఇంతమందికి ఎన్ని డబ్బాలో మాత్రం ఎంత ఆలోచించినా తేలలేదు. ఎసరు మరిగి మరిగి సగమైంది. ఆమె బియ్యం డబ్బా పట్టుకుని అట్లాగే నిలబడింది. తల్లి వచ్చి, ఒక్కసారి ముఖం చూసి, డబ్బా తీసుకుని తనే పోసింది.

"నాది రొట్టెతోటే పోయింది" అంది జానమ్మ తర్వాత, మెల్లగా. "నువ్వేందే, ఇల్లు మొత్తం రాసిచ్చినవ్."

"కంపెనీల చెప్పుమను బాపును. ఒకటో తారీఖు నుంచి వస్తనని" అంది ఎస్తేరు. అన్నాక ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

కోమల వాళ్ళు తిరుగు ప్రయాణం కట్టిన పొద్దున దశరథ్ దారికి రొట్టెలు కొడుతున్నాడు. ఫోన్ మోగింది. రెండు చేతులకూ పిండి ఉందని స్పీకర్ పెట్టమన్నాడు. ఎస్తేరు పెట్టింది.

"దశరథన్నా, నేను బిక్షమ్మను" అంది ఆలేరులో వాళ్ళ పక్కింటామె. "నువ్వు నేర్పిన రొట్టె ఇయ్యాల పొంగిందే! మా ఇంటాయన నాలుగు తిన్నడు. మీరొచ్చినంక పెడ్త, తిని చెప్పు."

"సరే అక్కా, వస్తున్నం" అని అతను చేతిలో ముద్దను తిప్పి చరిచాడు. రొట్టె చంద్రుడిలా గుండ్రంగా సాగింది. ఎస్తేరు ఆ రొట్టెనే చూస్తూ ఉండిపోయింది.

"బావా. బిక్షమ్మక్కకు ఎప్పుడు నేర్పినవ్?"

"పోయిన చలికాలం. ఏం?"

"మరి నీకు పోలే?"

దశరథ్ చేతులు ఆగాయి. తన చేతుల్లోని రొట్టెను అప్పుడే చూసినట్టు చూశాడు. "నాకెందుకు పోతది మరదలా? నేను మీ ఇంట్ల పుట్టలే, అత్తమ్మ లెక్క మెట్టలే."

"గట్లయితే అక్కకు మళ్ళ నేర్పొచ్చు గదా!"

"నేర్పుత. ఎన్నడన్న అడిగిందా?"

"ఇచ్చినంక అడుగుతరా ఎవలన్న? సిగ్గు గాదా?" అంది కోమల, బ్యాగు జిప్పు లాగుతూ. లాగుతూ లాగుతూ మధ్యలో ఆపేసింది. పెనం మీద రొట్టె మాడు వాసన వచ్చింది, ఎవరూ తీయలేదు.

ఇంతవరకూ ఆ ఇంటోళ్ళు ఇంటోళ్ళకే నేర్పుకున్నారు. బయటికిచ్చింది కోమల, తర్వాత ఎస్తేరు. బయటివాళ్ళు తిరిగి నేర్పినా వాళ్ళది వాళ్ళకే ఉంటుంది.

జానమ్మ లేచి వెళ్ళి వీధి తలుపు దగ్గరికి వేసింది. తిరిగొచ్చి అల్లుడి పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఏమీ అడగలేదు. రెండు చేతులూ ముందుకు చాపింది. దశరథ్ కాసేపు ఆ చేతులను చూసి, ఒక పిండి ముద్ద వాటిలో పెట్టాడు. "ముందుగాల ఉడుకు నీళ్ళ సంగతి చెప్త అత్తమ్మా" అన్నాడు, ఎన్నడూ లేనంత మెల్లగా.

ఎస్తేరు మిద్దె ఎక్కింది. దూరంగా టవర్ ఉంది, దాని నీడ పొద్దుటి ఎండలో పొడుగ్గా పడి ఉంది. ఆ రెంటి మధ్య ఏదో ఉందని ఆమెకు తెలుసు, ఏముందో తెలియదు. ఆ సంగతి తెలిసిన పిల్ల ఇప్పుడు ఎక్కడో గుట్ట మీద, కర్ర పట్టుకుని, గొర్లను లెక్కపెడుతూ ఉంటుంది. ఎంట్రెన్స్‌కు మిగిలినవి రెండు రోజులే. రెండు రోజుల్లో అంతా తిరిగి రాకపోవచ్చు. ఈ ఏడు కాకపోతే పై ఏడు. రెండో ఏడు ఏం చెప్తవ్ అని బావ అడిగాడు. అడగడం నేర్చుకుంటే రెండో ఏడూ చెప్పొచ్చు, మూడో ఏడూ చెప్పొచ్చు.

అడగడమే ఆమెకు రాదు. అది పోయింది కాదు, ఎన్నడూ లేనిది.

ఫోనులో మల్లీశ్వరి నాయిన జానయ్య నంబరు తీసింది. పగిలిన అద్దం మీద వేలు ఆపి, ఆ మాట ఎట్లా ఉంటుందో ముందు ఒకసారి అనుకుని చూసింది. ఈసారి మనసులో కాదు, పెదవులు కదిలించి, గాలికి వినపడేటట్టు.

"మల్లీశ్వరీ, గా నీడ లెక్క నాకు చెప్పవా? సగం గాదు. ఎందుకో గూడ చెప్పు."

బాగానే ఉంది అనుకుంది. గుట్ట ఎక్కే పొద్దు దాటిపోకముందే ఫోన్ చేయాలి అనుకుంది.