బిల్లులక్క బజారు ధర

ఆఫీసులో అందరూ ఆమెను బిల్లులక్క అనేవాళ్ళు. ఊరి నీళ్ళ బిల్లులు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ని ఎనిమిదేళ్ళుగా సాకుతున్నది ఆమే. ఏ మీటరు ఎందుకు మొరాయించిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. జీతం మీద ఆమెకి పేచీ ఏమీ లేదు. ఇంటి అప్పు వాయిదా పోగా, పిల్ల ఫీజు పోగా, చేతిలో ఇంకా కాస్త ఆడుతూనే ఉండేది.

పేచీ తెచ్చిపెట్టింది కొత్తబ్బాయి. చేరి నెల తిరగలేదు. బిల్లులక్కే పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పుతోంది. ఓ మధ్యాహ్నం క్యాంటీన్‌లో మొహం వేలాడేసుకుని, "నేను మోసపోయానక్కా" అన్నాడు.

"ఎవరు చేశార్రా?"

"ఎవరూ కాదు, నా తొందరే. ఇంకో చోట ఇంకా ఎక్కువ ఇచ్చేవాళ్ళట. ఇంతకే ఒప్పేసుకున్నాను" అని తన జీతం చెప్పాడు.

అది ఆమె జీతం కంటే మూడో వంతు ఎక్కువ.

బిల్లులక్క వాణ్ణి ఓదార్చింది. ఓదారుస్తుంటేనే ఒంటికి కారం రాసుకున్నట్టు మండిపోయింది. వింత చూడండి, ఆమె జీతంలో పైసా తగ్గలేదు. కానీ పొద్దున నిండుగా ఉన్నది సాయంత్రానికి అడుగంటినట్టు కనిపించింది. మనిషి తృప్తి లెక్క అంతే. సొంత జేబు తడుముకుంటే తేలదు, పక్కవాడి జేబులోకి తొంగిచూస్తే గాని తేలదు.

ఇంటి కిందే అత్తగారి ప్లాస్టిక్ సామాన్ల కొట్టు. సంగతంతా విని ఆవిడ, "కొత్త బకెట్లు ధర పెరిగొస్తే, పాత బకెట్ల ధర కూడా ఆ పూటే మార్చేస్తాను. మీ వాళ్ళు మార్చరుటే?" అంది.

"మార్చరత్తయ్యా. పాతవాళ్ళకి ఏడాదికోసారి ఇంత విదిలిస్తారు. కొత్తవాళ్ళకి మాత్రం బజారు ధర."

"అయితే వాళ్ళు వ్యాపారం బాగానే చేస్తున్నారు. చేతకానిది నీకే."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మర్నాడే మేనేజరుని అడిగింది. ఆయన మంచివాడే. మంచివాడు కనకే బుర్ర గోక్కున్నాడు.

"మీకు ఇవ్వాలని నాకూ ఉందక్కా. కానీ పాతవాళ్ళ డబ్బు ఒక పెట్టె, కొత్తవాళ్ళ డబ్బు ఇంకో పెట్టె. ఆ రెండోది ఖాళీ కుర్చీ చూపిస్తే గాని తెరవరు."

సాయంత్రానికి బిల్లులక్క రాజీనామా పంపేసింది. వెళ్ళిపోదామని కాదు. ఆ పనిలో రాజీనామా అంటే బేరం తెగక కొట్టు మెట్లు దిగడం. రెండడుగులు వేసేలోపు కొట్టువాడు వెనక్కి పిలవాలి. అంతకుముందు దిగినవాళ్ళందరినీ పిలిచారు కూడా.

ఈమెను మాత్రం ఎవరూ పిలవలేదు.

"ఎంత పని చేశారక్కా!" అన్నాడు మేనేజరు. "వెళ్ళేవాళ్ళని బతిమాలొద్దని ఈ వారమే పైనుంచి చెప్పారు. పోనీ, వెనక్కి తీసేసుకోండి."

"తీసుకుంటే ఇక నేను బతికినంత కాలం ఇదే ధర. తీసుకోను."

అనడానికి అనేసింది. ఇంటికెళ్ళాక వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. నోటీసు గడువు మూడు నెలలు. ఆమె కన్నేసిన ఇంకో కంపెనీ కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేసింది. గడువు తీరేలోపు ఏదో ఒకటి కుదరకపోతే ఇంటి వాయిదా కట్టేది అత్తగారి బకెట్లే.

దాని మీద ఇంకో తమాషా. వెళ్ళేవాళ్ళే తమ చోటికి మనిషిని వెతికిపెట్టాలని అక్కడి పద్ధతి. ఈ కుర్చీకి ఏమేం తెలిసినవాళ్ళు కావాలో రాసివ్వమన్నారు. బిల్లులక్క ఉన్నదున్నట్టు రాసిచ్చింది. అది చూసి వచ్చినవాళ్ళలో సగంమంది, "ఇంత పనికి ఇంతేనా!" అని నవ్వి లేచిపోయారు. రెండుసార్లు ఆ కుర్చీ జీతం పెంచారు. తన కుర్చీ ధర తన కళ్ళముందే పెరుగుతుంటే, దాంట్లో కూర్చున్న తను పాత ధరకే అందర్నీ పరీక్షిస్తోంది.

చివరికి ఒకావిడ వచ్చింది. అడిగినవన్నీ చెప్పింది, అడగనివి కూడా చెప్పింది. పనికిరాదని ఒక్క ముక్క రాస్తే చాలు, బిల్లులక్కకి ఇంకొన్నాళ్ళు గిరాకీ. పెన్ను అటు ఇటు తిప్పి తిప్పి, పాస్ అని రాసేసింది.

"నీ కుర్చీకి నువ్వే మనిషిని చూసిపెట్టి వచ్చావా!" అంది అత్తగారు.

"ఆవిడకి పని వచ్చత్తయ్యా. రాదని ఎలా రాయను?"

 అత్తగారు ఆ రోజు కొట్టు కాస్త ఎక్కువసేపు తెరిచే ఉంచింది.

గడువు ఆఖరి వారం. చేరాల్సిన రోజున ఆ పనిమంతురాలు రాలేదు. ఫోన్ తియ్యలేదు. సాయంత్రానికి తెలిసింది, ఇక్కడిచ్చిన ఆఫర్ కాగితం ఇంకోచోట చూపించి, అంతకంటే ఎక్కువకి అక్కడే చేరిపోయిందట. ఆ వృత్తిలో అదీ మామూలే.

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. "శుక్రవారం మీరు పోతే సోమవారం నీళ్ళ బిల్లులు ఎవరు తీస్తారక్కా? ఒక్క నెల ఉండిపోండి."

"ఉంటే ఏ పెట్టెలోంచి ఇస్తారు?"

"పాతదే కదా మరి."

"కొత్త పెట్టె ఇప్పుడు తెరిచే ఉందిగా?"

"ఉంది. కానీ పాతవాళ్ళకి ఇవ్వకూడదు."

"శుక్రవారం సాయంత్రం నుంచి నేను పాతదాన్ని కాదు కదండీ. బయటిదాన్ని. బయటివాళ్ళు దరఖాస్తు పెట్టుకోవచ్చా, లేదా?"

మేనేజరు రూల్సు కాగితాలు మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు. "పెట్టుకోకూడదని ఎక్కడా లేదక్కా!"

పద్ధతి ప్రకారం పరీక్ష తప్పదన్నారు. ఆ పని తెలిసినవాడు ఇంకొకడే మిగిలాడు, కొత్తబ్బాయి. వాడు చొక్కా సర్దుకుని, చెమటలు కక్కుతూ ఎదురుగా కూర్చున్నాడు.

"ఒకే ఇంటికి రెండు బిల్లులు పోతే ఏం చేస్తారు... మేడమ్?"

"పోయిన నెల నువ్వు చేసిన పని గురించేనా అడుగుతున్నావు?"

"అక్కా, మెల్లిగా! పక్క గదిలో వింటారు. పాస్, పాస్."

గురువారం హెచ్చార్ అమ్మాయి ఫోన్ చేసింది. కొత్తవాళ్ళతో మాట్లాడే తియ్యటి గొంతుతో, జీతం ఎంత ఆశిస్తున్నారని అడిగింది. బిల్లులక్క అప్పటికే లెక్క వేసి పెట్టుకుంది. పోగుపడ్డ సెలవులు పోతాయి, ఎనిమిదేళ్ళ సీనియారిటీ పోతుంది. వాటికీ ఓ ధర కట్టాలి. చేరకుండా పోయినావిడకి ఇస్తామన్నదెంతో చెప్పి, దాని మీద ఇంకొంచెం వేసింది.

"ఆవిడకి ఇస్తామన్నదే కదా మా లెక్క. పైన ఈ కొంచెం ఎందుకండీ?"

"ఆవిడ రాలేదు. నేను వస్తాను."

 అవతల కిసుక్కున నవ్వు వినిపించింది. "సోమవారం తొమ్మిదికల్లా రండి. కొత్తవాళ్ళకి ఆఫీసు తిప్పి చూపిస్తాం."